విజ్ఞాన వీథి: అంకెలుగా మారిన అడవి

మన కిరందుల్, బచేలి కాలనీల నుండి ఏటా కొందరు పిల్లలు ఇంజనీరింగ్ చదువులకై హైదరాబాదు, విశాఖపట్నం, రాయ్‌పూర్, భిలాయ్ నగరాలకు వెళ్తున్నారు. వారిలో ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ శాఖలు తీసుకొన్నవారికి మూడవ సంవత్సరంలోనో నాలుగవ సంవత్సరంలోనో 'డిజిటల్ ఇమేజ్ ప్రాసెసింగ్' అనే పాఠ్యాంశం ఎదురవుతుంది. సెలవులకు వచ్చిన పిల్లల పుస్తకం తెరిచి చూస్తే పెద్దలకు కనబడేవి మాత్రికలు, సంకలన చిహ్నాలు, మధ్య మధ్య మసక బొమ్మలు. దీనివల్ల ఉద్యోగం వస్తుందా అన్నది పెద్దల ప్రశ్న. పరీక్షలో ఏమి వస్తుంది అన్నది పిల్లల ప్రశ్న. ఆ రెండింటికీ ఈ శీర్షికలో సమాధానం దొరకదు. ఆ పాఠంలో అసలు ఏమున్నది, మనం నివసించే ఈ బస్తర్ నేలతో దానికి ఏమి పని అన్నంత మేరకు ఈ నెల ముచ్చటించుకొందాము.

కంప్యూటరుకు చిత్రమంటే అంకెల పట్టిక. చిత్రాన్ని నిలువుగా, అడ్డంగా గళ్ళుగా విభజించి, ఒక్కొక్క గడిలో వెలుతురు ఎంత ఉన్నదో ఒక అంకెగా వ్రాసుకొంటారు. ఆ గడియే పిక్సెల్. గళ్ళు ఎంత చిన్నవి అన్నది ఒక నిర్ణయం. వెలుతురును ఎన్ని మెట్లుగా లెక్కించాలి అన్నది మరొక నిర్ణయం. పాఠ్యపుస్తకంలోని మొదటి రెండు అధ్యాయాలూ ఈ రెండు నిర్ణయాల గురించే.

ఈ విద్య వయస్సు శతాబ్దానికి పైబడినది. 1920 దశకం తొలినాళ్ళలో లండన్, న్యూయార్క్ నగరాల మధ్య సముద్ర గర్భ తంతి ద్వారా వార్తాపత్రికల బొమ్మలను పంపే 'బార్ట్‌లేన్' పద్ధతి అమలులోకి వచ్చినది. అంతవరకు ఓడలో వారానికి పైగా పట్టే బొమ్మ మూడు గంటలలోపే సముద్రం దాటేది. మొదట ఐదు ఛాయలు మాత్రమే ఉండేవి. 1929 నాటికి అవి పదిహేను అయినవి. 1957లో అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో రస్సెల్ కిర్ష్ అనే ఇంజనీరు పసివాడైన తన కుమారుని ఫోటోను 176 అడ్డగళ్ళు, 176 నిలువుగళ్ళుగా కంప్యూటరులోనికి ఎక్కించినాడు. మొత్తం 30,976 గళ్ళు. నేటి సెల్‌ఫోను కెమెరా కోట్ల గళ్ళను లెక్కిస్తున్నది కాని, చేసే పని అదే. 1964లో రేంజర్-7 నౌక పంపిన చంద్రుని చిత్రాలలోని వక్రతలను జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీవారు కంప్యూటరుతో సరిదిద్దినప్పటి నుండి ఇది ఒక శాస్త్రంగా నిలదొక్కుకొన్నది.

పుస్తకాలలో ఉదాహరణలుగా ఇచ్చే బొమ్మలు ఎక్కడివో, ఎవరివో. మనకు అంతకంటే మంచి ఉదాహరణ ఇంటి ముందరే ఉన్నది. ఎద్దు మూపురం వలె కనబడుతుంది కనుక బైలడిల్లా అని పేరు పొందిన ఈ కొండలకు 1930 దశకంలో భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన క్రూక్‌షాంక్ కాలినడకన తిరిగి పటాలు గీసి, ఇనుప ఖనిజ నిక్షేపాలకు 1 నుండి 14 వరకు సంఖ్యలు ఇచ్చినాడు. 1968లో ఉత్పత్తి మొదలైన కిరందుల్ గనిని నేటికీ మనం 14వ నిక్షేపమనే పిలుచుకొంటున్నాము. ఆయన నడిచిన ఆ కొండలనే నేడు ఉపగ్రహాలు చూస్తున్నవి.

ప్రయోగాత్మక దశ దాటి పూర్తిస్థాయి సేవలందించిన మన దేశపు తొలి దూరసంవేదన ఉపగ్రహం ఐ.ఆర్.ఎస్.-1ఎ 1988 మార్చి 17న, నాటి సోవియట్ దేశంలోని బైకనూర్ నుండి కక్ష్యలోకి చేరినది. దాదాపు 900 కిలోమీటర్ల ఎత్తు నుండి అది పంపిన అంకెలను హైదరాబాదు సమీపంలోని షాద్‌నగర్ కేంద్రం అందుకొనేది. ఆ కేంద్రాన్ని నిర్వహించిన నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ, మన ప్రధాన కార్యాలయం ఉన్న నగరంలోనిదే. 2008 నుండి దాని పేరు నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్. ఐ.ఆర్.ఎస్.-1ఎ లోని లిస్-1 కెమెరా గడి నేలమీద 72.5 మీటర్ల చదరం, వెలుతురు మెట్లు 128. ఇప్పుడు చిన్న గుణకారం చేసి చూడండి. 72.5 మీటర్ల చదరం అంటే 5,256 చదరపు మీటర్లు. ఎకరం 4,047 చదరపు మీటర్లే. అనగా ఆ ఉపగ్రహానికి ఎకరం పొలం ఒక గడి కూడా కాదు. ఆ పొలమూ, గట్టూ, పక్కనున్న అడవి అంచూ కలిసి ఒకే అంకెగా మారేవి. 1995 డిసెంబరు 28న వెళ్ళిన ఐ.ఆర్.ఎస్.-1సి లోని లిస్-3 కెమెరాతో గడి 23.5 మీటర్లకు తగ్గినది. ఎకరానికి సుమారు ఏడు గళ్ళు. 2003లో రిసోర్స్‌శాట్-1 తీసుకువెళ్ళిన లిస్-4కు గడి 5.8 మీటర్లు, ఎకరానికి 120 గళ్ళు. పాఠంలో 'స్థాన విభేదన' అని గంభీరంగా కనబడే మాటకు అర్థం ఇంతే. ఎకరం రైతు చిత్రంలో ఉన్నాడా లేడా అన్నది దానిమీద ఆధారపడి ఉన్నది.

తరువాత వచ్చేది చిత్రాన్ని మెరుగుపరచడం. పిల్లలకు ఇష్టమైన అధ్యాయం ఇదే, ఎందుకంటే ఫలితం వెంటనే కంటికి కనబడుతుంది. దట్టమైన అడవి చిత్రంలో 0 నుండి 255 వరకు గల మెట్లలో 20 నుండి 60 వరకు మాత్రమే వాడుకలో ఉన్నవనుకొందాము. చూడడానికి అంతా నల్లగా ఉంటుంది. 20ని సున్నా చేసి, 60ని 255 చేసి, మధ్యవాటిని దామాషాగా సాగదీస్తే చెట్టు, నీడ, వాగు విడివిడిగా కనబడతాయి. కాని 30 అన్నది 64 అయినది, 31 అన్నది 70 అయినది. మధ్యలోని 65 నుండి 69 వరకు ఒక్క గడికీ లేవు. చిత్రం స్పష్టమైనదే గాని సమాచారం రవంత కూడా పెరగలేదు. ఉపగ్రహం కొలవని దానిని ఏ ప్రక్రియా పుట్టించజాలదు. సినిమాలలో పోలీసు అధికారి మసక బొమ్మను పెద్దది చేయించి కారు నంబరు చదివే దృశ్యం చూసినప్పుడల్లా నాకు నవ్వు వస్తుంది.

రంగుల సంగతి మరీ విచిత్రం. ఉపగ్రహ చిత్రాలలో అడవి ఎర్రగా ఉండడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఆకు పరారుణ కిరణాలను బాగా ప్రతిఫలిస్తుంది. అవి మన కంటికి కనబడవు కనుక, ఆ అంకెలకు ఎరుపు రంగు కేటాయించినారు. నిజంగా ఎర్రనైన మన గని నేల మాత్రం ఆ చిత్రంలో వేరొక రంగులోకి జారిపోతుంది. కొత్తగా చూసేవారికి ఇది తికమకగా ఉంటుంది. రంగు మన ఒప్పందమే గాని ప్రకృతి ముద్ర కాదని తెలిస్తే తికమక తీరుతుంది.

ఇనుప ఖనిజాన్ని ఆకాశం నుండి గుర్తించగలమా అని మన సహోద్యోగులు తరచు అడుగుతుంటారు. కొంతవరకు గుర్తించవచ్చును. హెమటైట్ నీలి కాంతిని పీల్చుకొని ఎర్ర కాంతిని ప్రతిఫలిస్తుంది. అందువలన ప్రతి గడిలోను ఎర్ర పట్టీ అంకెను నీలి పట్టీ అంకెతో భాగిస్తే ఇనుము గల నేలకు ఎక్కువ విలువ వస్తుంది. ఈ భాగహారానికి మరొక లాభం ఉన్నది. బైలడిల్లా శ్రేణులు ఉత్తర దక్షిణాలుగా సాగినవి. ఉపగ్రహం ఉదయం పదిన్నర ప్రాంతంలో దాటిపోతుంది. చలికాలంలో ఆ వేళకు తూర్పు వాలు ఎండలోను, పడమటి వాలు నీడలోను ఉంటాయి. ఎండలోని రాయికి ఎరుపు 80, నీలం 40 అనుకొంటే, నీడలోని అదే రాయికి 40, 20 వస్తాయి. భాగిస్తే రెండు చోట్లా 2. నీడ తొలగిపోయినది! ఎంత చక్కని ఉపాయం.

అయితే గాలిలోని మసక నీలి పట్టీకి, మాటకు, ఒక 10 కలిపినదనుకోండి. అప్పుడు ఎండలో 80ని 50తో భాగించాలి, నీడలో 40ని 30తో. ఒకచోట 1.6, మరొకచోట 1.33. ఒకే రాయి రెండు రాళ్ళయినది. ముందు ఆ 10ని అంచనా వేసి తీసివేయకపోతే భాగహారం అబద్ధం చెబుతుంది. మసకను సరిగా తీసివేసినా మరొక చిక్కు మిగులుతుంది. బస్తర్‌లో విస్తారంగా ఉన్న లేటరైటు నేలలోను ఇనుప ఆక్సైడులే ఉన్నవి. నాణ్యమైన ఖనిజమూ, రోడ్డు పక్కని ఎర్ర మట్టీ ఆ నిష్పత్తిలో అన్నదమ్ములవలె కనబడతాయి. పైగా అడవి కప్పిన చోట ఉపగ్రహం చూసేది ఆకులనే, రాతిని కాదు. ఎక్కడ వెదకాలో చిత్రం సూచిస్తుంది. ఎంత ఇనుము ఉన్నదో డ్రిల్లింగు నమూనా, ప్రయోగశాల మాత్రమే చెబుతాయి.

ఇక అసలు చెప్పదలచిన సంగతికి వస్తాను. చిత్రంలో అక్కడక్కడ దోషపు చుక్కలు పడుతుంటాయి. వాటిని తొలగించడానికి ప్రతి గడి విలువకు బదులు, ఆ గడితో కూడిన 3×3 చదరంలోని తొమ్మిది అంకెల మధ్యగతాన్ని వ్రాస్తారు. ఉదాహరణకు 41, 43, 42, 40, 255, 44, 42, 41, 43 అనే అంకెలు ఉన్నవి. 255 అసందర్భంగా ఉన్నది. సగటు తీస్తే 66 వచ్చి, ఆ ఒక్క దోషం పొరుగు గళ్ళకు కూడా అంటుకొంటుంది. వరుసలో పేర్చి మధ్యనున్న ఐదవ అంకెను తీసుకొంటే 42 వస్తుంది. దోషం జాడ లేకుండా పోతుంది. ఎనిమిదవ తరగతి పిల్లవాడు చేయగల లెక్క. అందమైన లెక్క. పరీక్షలో తప్పక వచ్చే లెక్క కూడా.

మరి ఆ 255 దోషం కాకపోతే? అడవి మధ్యన ఒక రేకుల ఇల్లు ఎండకు తళుక్కుమన్నదేమో! మధ్యగతానికి ఆ భేదం తెలియదు. చుట్టుపక్కల వారితో పోలని దానిని తుడిచివేయడమే దాని పని. బస్తర్ పల్లెలు మన కోస్తా గ్రామాల వలె గుంపుగా ఉండవు. ఒక్కొక్క ఊరు అనేక పారాలుగా, ఒక్కొక్క పారా దూరదూరంగా ఉన్న ఇళ్ళుగా, మధ్యలో పొలాలతో, చెట్లతో విస్తరించి ఉంటుంది. ఒంటరి గడిని శంకించే ప్రక్రియ ఇటువంటి చోట మొదట శంకించేది ఇళ్ళనే.

చిత్రాన్ని అడవి, పొలం, నీరు, ఖాళీ నేల అని వర్గీకరించిన తరువాత కూడా ఇదే శుభ్రపరచడం మరొకసారి జరుగుతుంది. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థవారు 1987 నుండి రెండేళ్ళకొకసారి అటవీ విస్తీర్ణ నివేదిక వెలువరిస్తున్నారు. వారి నిర్వచనం ప్రకారం ఒక హెక్టారు, అంతకు మించిన విస్తీర్ణంలో చెట్ల తలకట్టు 10 శాతం గాని, అంతకు మించి గాని ఉంటే, ఆ భూమి ఎవరిదైనా, దానిని దేనికి వాడుతున్నా, అది అటవీ ఆచ్ఛాదన. చట్టం ప్రకారం అడవిగా ప్రకటించిన హద్దులు వేరు, ఈ లెక్క వేరు. ఆ సంగతి వారే స్పష్టంగా చెబుతారు. లిస్-3 చిత్రంలో హెక్టారు అంటే దాదాపు 18 గళ్ళు. దేశం మొత్తాన్ని కొలిచే పనికి ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు. ఆ గీతను నేను తప్పు పట్టడం లేదు. దానికి దిగువన ఏమి ఉండిపోయినదో గుర్తుంచుకొనమంటున్నాను.

ఒక లెక్క వేద్దాము. ఇక్కడి రైతు పొలం చదును చేసేటప్పుడు ఇప్పచెట్టును నరకడు. ఎండాకాలం పువ్వు ఆ ఇంటికి తిండి, సంతలో డబ్బు. పది మీటర్ల తలకట్టు గల ఇప్పచెట్టు 78.5 చదరపు మీటర్ల నేలను కప్పుతుంది. ఎకరం పొలంలో అటువంటి చెట్లు ఐదు ఉంటే తలకట్టు 9.7 శాతం, ఆరు ఉంటే 11.6 శాతం. ఆరవ చెట్టుతో ఆ పొలం, అడవి అంచున ఉన్నదైతే, లెక్కలో అడవిలోనికి కలిసిపోవచ్చును. రైతు చేసినదల్లా ఒక చెట్టును మిగుల్చుకోవడమే.

ఇది పండితుల వినోదం కాదు. అటవీ హక్కుల చట్టం 2006 ప్రకారం, 2005 డిసెంబరు 13కు ముందు నుండి అటవీ భూమిని సాగు చేసుకొంటున్న షెడ్యూల్డ్ తెగల కుటుంబాలకు నాలుగు హెక్టారుల పరిమితికి లోబడి ఆ భూమిపై హక్కు లభిస్తుంది. ఆ తేదీనాటికి అక్కడ పొలం ఉన్నదా అన్నదే ప్రశ్న. పాత ఉపగ్రహ చిత్రం తీసి చూస్తే పోలేదా అని ఎవరికైనా తోస్తుంది. డిసెంబరులో మబ్బులు ఉండవు కనుక చిత్రమూ చక్కగానే దొరుకుతుంది. కాని మెట్టపొలంలో సామ, కొర్ర కోతలు అప్పటికి ముగిసి, ఎండిన దుబ్బులు, గడ్డి మిగిలి ఉంటాయి. పలుచని అడవిలోనూ నేలమీద ఉండేది ఎండు గడ్డే. పైన ఇప్పచెట్లు. ఎకరానికి ఉన్న ఏడు గళ్ళలో చాలావరకు అంచు గళ్ళు, అనగా సగం పొలం, సగం అడవి. వాటిని ఏ వర్గంలో చేర్చాలో నిర్ణయించేది ఎవరో ఒకరు ఎంచుకొన్న హద్దు విలువ. ఆ విలువను కాస్త పైకి జరిపితే పొలం ఉంటుంది. కాస్త కిందికి జరిపితే ఉండదు.

ఈ చిక్కును గ్రహించియే కాబోలు, 2012లో సవరించిన నియమాలలో ఉపగ్రహ చిత్రం ఇతర సాక్ష్యాలకు తోడుగా ఉండవచ్చునే గాని వాటికి ప్రత్యామ్నాయం కాజాలదని చేర్చినారు. ఊరి పెద్దల వాంగ్మూలం, ఇల్లు, గట్లు, చదును చేసిన నేల వంటి ఆనవాళ్ళు కూడ సాక్ష్యాలే. నా అభిప్రాయంలో ఆ వాక్యం మంచి ఇంజనీరింగు కూడా. మన ప్లాంటులలో కన్వేయర్ బెల్టు మీద కెమెరా అమర్చి ఖనిజపు గడ్డల సైజు కొలిచే పరికరాల గురించి విన్నవారికి ఇది సులభంగా బోధపడుతుంది. కెమెరా చూసేది పై పొరను మాత్రమే. సన్న పొడి కిందికి జారి దాగి ఉంటుంది. అందుకే జల్లెడ పరీక్షతో సరిచూడకుండా కెమెరా అంకెను ఎవరూ రిజిస్టరులో ఎక్కించరు. బెల్టు విషయంలో మనం పాటించే జాగ్రత్త పొలం విషయంలో అనవసరమవుతుందా?

నేడు ఈ వర్గీకరణను న్యూరల్ నెట్‌వర్కులు చేస్తున్నవి. అవి నేర్చుకొనేది మనుషులు ముందుగా 'ఇది అడవి, ఇది పొలం' అని గుర్తించి ఇచ్చిన నమూనాల నుండి. కోస్తా జిల్లాల పొలాలను చూపి నేర్పిన యంత్రానికి ఇప్పచెట్ల నడుమ సామ పండే పొలం ఎన్నడూ చూడని వస్తువు.

కుదింపు గురించి ఒక్క మాట. మీరు ఫోనులో పంపే ఫోటోలు చిన్నవి కావడానికి మూలమైన డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫారం 1974లో ప్రచురితమైనది. దాని ముగ్గురు రచయితలు నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కామిశెట్టి రామమోహనరావు. 1992 నాటి జేపెగ్ ప్రమాణానికి అదే ఆధారం. కంటికి తెలియని సూక్ష్మభేదాలను వదిలివేయడంలోనే ఆ పద్ధతి గొప్పతనం ఉన్నది. కనుకనే కొలతకు వాడే ఉపగ్రహ చిత్రాన్ని జేపెగ్‌గా దాచుకోరాదు.

ఈ పాఠ్యాంశం చదివే పిల్లలకు ఒక సూచన. ప్రయోగశాలలో ఏ ప్రక్రియ చేసినా, ఫలిత చిత్రంతో పాటు మూలచిత్రం నుండి ఫలితాన్ని తీసివేయగా మిగిలిన భేద చిత్రాన్ని కూడా అచ్చు తీయండి. ప్రోగ్రాములో అది ఒక్క పంక్తి. సాధారణంగా ఎవరూ అడగరు, మార్కులు ఉండవు. కాని తుడిచివేసినదంతా ఆ నల్లని బొమ్మలో తెల్లని చుక్కలుగా కూర్చొని ఉంటుంది. చుక్కలు చెల్లాచెదురుగా ఉంటే అవి దోషాలు. వాగు వెంబడి, కాలిబాట వెంబడి వరుసగా ఉంటే అక్కడ మనుషులు ఉన్నారేమో చూడవలసి ఉంటుంది.

ఉత్సాహం ఉన్నవారు వేసవి సెలవులలో ఇంటినుండే ఈ పని చేయవచ్చును. ల్యాండ్‌శాట్ పాత చిత్రాలు 2008 నుండి ఉచితం. 2009లో ప్రారంభమైన ఇస్రో వారి 'భువన్'లో మన ప్రాంతం చిత్రాలు చూడవచ్చును. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. ఆచార్యులు పి.కె. బిశ్వాస్ గారి ఉపన్యాసాలు ఎన్.పి.టి.ఇ.ఎల్.లో రుసుము లేకుండా లభిస్తున్నవి. ఇంగ్లీషులోనే అయినా నిదానంగా, విడమరచి చెబుతారు. కిరందుల్ చుట్టూ ఉన్న ప్రాంతానికి ఒక నవంబరు చిత్రం, ఒక మార్చి చిత్రం తీసుకొని రెండింటిలోను అడవి గళ్ళు లెక్కించండి. మార్చిలో ఆకు రాలిన మిశ్రమ అడవి సగం మాయమై కనబడితే కంగారు పడవద్దు, ఎవరూ నరికివేయలేదు. తరువాత చిత్రంలో సందేహం కలిగిన ఒక గడిని ఎంచుకొని, పెద్దవారిని వెంటబెట్టుకొని ఆ చోటికి వెళ్ళి ఇప్పచెట్లు ఎన్ని ఉన్నవో లెక్కపెట్టి, పొలం ఎవరిదో అడిగి వ్రాసుకు రండి. వచ్చిన లెక్కలు ఈ శీర్షికకు పంపితే, తరువాతి సంచికలో ఫూరియర్ పరివర్తన గురించి వ్రాసేటప్పుడు వాటినే ఉదాహరణలుగా తీసుకొంటాను.